మీ తర్వాత నేనే

"చివర ఎవరండీ?"

తాలాయ్ వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తాడు. రొట్టెల క్యూలో చివర నిలబడ్డవాడు ఆ ప్రశ్నకి జవాబు చెప్పి తీరాలి కాబట్టి చెప్పాడు. అంతకుమించి స్నేహం ఏమీ ఆశించవద్దని తెలిసేలా చేతిని భుజం దాకానే ఎత్తాడు.

"అయితే మీ తర్వాత నేను. గుర్తుంటుంది కదా? ఇప్పుడే వస్తాను."

అతను తిరిగి చూసేసరికి అక్కడ ఎవరూ లేరు. ఆకుపచ్చ కోటు ఒకటి తొందరేమీ లేకుండా రోడ్డు దాటుతోంది.

ఓష్ పట్నంలో, పెద్ద సంత వెనక సందులో, మారుఫ్ తందూరు దగ్గర సాయంత్రం క్యూ అంటే అంతే. వచ్చినవాళ్ళు చివర ఎవరో కనుక్కుంటారు. వాళ్ళ తర్వాత తామని చెబుతారు. చెప్పాక నిలబడే ఓపిక ఉంటే నిలబడతారు, లేకపోతే పనులు చూసుకుని వస్తారు. మనిషి లేకపోయినా మాట నిలబడి ఉంటుంది. తిరిగి వచ్చినప్పుడు ముందున్నవాళ్ళు "అవును, ఈవిడ నా వెనకే" అంటే చాలు, వెనక ఎంతమంది ఉన్నా జరిగి దారి ఇస్తారు. ఆ ఊళ్ళో పెళ్ళి సంబంధాల దగ్గర మాట తప్పినవాళ్ళున్నారు, కోర్టులో తప్పినవాళ్ళున్నారు. రొట్టెల క్యూలో తప్పినవాళ్ళ గురించి ఎవరూ వినలేదు.

తాలాయ్‌కి ఈ పద్ధతి నచ్చేది కాదు. అతను ఎప్పుడూ తన చోటు వదిలి వెళ్ళలేదు. నిలబడవలసిన పని నిలబడే చెయ్యాలన్నది అతని నియమం. ఆ నియమం కింద ఇంకోటి ఉందని అతనికీ తెలుసు. తను కనపడనప్పుడు కూడా తనని ఎవరో గుర్తుపెట్టుకుని ఉంటారని నమ్మి, రోడ్డు దాటి వెళ్ళిపోవడం అతనికి చేతకాదు.

అతను చెవి మిషన్లు అమర్చే చిన్న క్లినిక్‌లో పనిచేసేవాడు. రోజంతా వినపడనివాళ్ళకి వినపడేలా చేసి, సాయంత్రం తనకి ఏమీ వినపడకపోతే బాగుండునని అనుకుంటూ ఇంటికి బయల్దేరేవాడు. అతని దగ్గర మిషన్ పెట్టించుకున్న ముసలివాళ్ళు కొన్నాళ్ళకి తిరిగి వచ్చేవారు. ఇప్పుడు కోడలు వంటింట్లో అనేవన్నీ వినపడుతున్నాయని, కాస్త తగ్గించమని బతిమాలేవారు. తాలాయ్ ఏమీ అడగకుండా తగ్గించేవాడు. వాళ్ళ బాధ అతనికి బాగా అర్థమయ్యేది.

ఆకుపచ్చ కోటు అమ్మాయి సరిగ్గా రొట్టెలు తందూరులోంచి బయటికి వచ్చే క్షణానికి వచ్చింది. "నేను ఈయన వెనక," అంది. తాలాయ్ తలూపాడు. ఆమె రొట్టెలు తీసుకుని, వాటి వేడికి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ వెళ్ళిపోయింది.

తర్వాత చాలా సాయంత్రాలు అలాగే జరిగింది. ఆమె రావడం, చివర ఎవరని అడగడం, అతని చెయ్యి లేవడం, గుర్తుంటుంది కదా అనడం, మాయం కావడం. తన ముందు నిలబడే సాలిమా అపా ఒకసారి పిలవగా ఆమె పేరు పెరిజాత్ అని అతనికి తెలిసింది. సాలిమా అపా ఆ క్యూలో అందరికంటే పెద్దావిడ. అపా, అంటే అక్కా, అని పిలిచే ఆ గౌరవం ఆవిడకి వయసు వల్ల వచ్చింది. మిగతా అధికారం మాత్రం ఆవిడే తీసుకుంది.

తాలాయ్ తన తృప్తి కోసం ఆ అమ్మాయికి రకరకాల పనులు ఊహించి పెట్టాడు. మంచం మీదున్న మేనత్త ఉండొచ్చు. మందుల షాపు మూసే వేళ అయి ఉండొచ్చు. పాపం, తొందర. ఆ మేనత్త మొహం చూసే రోజూ ఆమెని క్షమిస్తూ వచ్చాడు.

ఒక రోజు ఎవడో పెద్దమనిషి తన కారుని సరిగ్గా క్యూ మధ్యలోకి తెచ్చి ఆపి, దిగి, తాళం వేసుకుని వెళ్ళిపోయాడు. కారు చుట్టూ క్యూ వంకర తిరిగింది. ఆ వంకరలో తాలాయ్ నిలబడ్డ చోటు నుంచి రోడ్డు అవతలి మూల కనిపించింది. అక్కడ పక్షులూ చేపలూ అమ్మే కొట్టు ఉంది. కొట్టు ముందు పెరిజాత్ ఉంది. చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని, తల కాస్త పక్కకి వంచి, గాజు తొట్టెలో చేపల్ని చూస్తోంది. కొనడం లేదు, బేరం ఆడటం లేదు. ఊరికే చూస్తోంది.

మేనత్త ఆ క్షణమే చనిపోయింది.

ఆమె తిరిగి వచ్చాక అతను మొదటిసారి తనంతట తను మాట్లాడాడు.

"చేపలు కొన్నారా?"

"చూశారా?" అంది. సిగ్గుపడాల్సిన చోట మామూలుగా అడిగింది. "కొనను. మా ఇంట్లో పిల్లి ఉంది."

"మరి చూడటం దేనికి?"

"రొట్టెలు వచ్చేదాకా ఏదో ఒకటి చూడాలి కదా. మీరేం చూస్తారు?"

అతను నిజాయితీగా ఆలోచించాడు. "ముందున్నవాళ్ళ మెడ."

"ఎలా ఉంటుంది?"

"రోజూ ఒకలాగే ఉంటుంది."

సాలిమా అపా తన మెడ మీద రుమాలు సర్దుకుంది.

"అదీ సంగతి," అంది పెరిజాత్. "మీరు నిలబడి కోప్పడతారు. నేను వెళ్ళి చేపల్ని చూస్తాను. రొట్టె ఇద్దరికీ ఒకేసారి వస్తోంది."

ఆ మాట తాలాయ్ ఇంటికి తీసుకువెళ్ళాడు. అన్నం దగ్గరా, పళ్ళు తోముకుంటున్నప్పుడూ దాన్ని తిప్పి తిప్పి చూశాడు. ఎక్కడా తప్పు దొరకలేదు. తప్పు దొరకని మాట అంటే అతనికి పరమ చిరాకు.

ఆ తర్వాత పగలు క్లినిక్‌లో ఎవరి చెవికో అచ్చు తీస్తున్నప్పుడు కూడా ఆమె గుర్తొచ్చేది. తొట్టె ముందు వంగిన ఆ తల గుర్తొచ్చేది. ఆమె చెప్పు చప్పుడు వెనక నుంచి రావడం, మిగతా చెప్పుల చప్పుళ్ళలోంచి అది విడిగా తెలియడం గుర్తొచ్చేది. ఆ అమ్మాయి అంటే తనకి రోజురోజుకీ చిరాకు ముదురుతోందని అతను తేల్చుకున్నాడు. మనుషుల వల్ల ఇంతసేపు మనసులో ఉండిపోయేది చిరాకు తప్ప ఇంకోటి అతనికి అప్పటిదాకా ఎదురుపడలేదు.

ఒక చెడ్డరోజు వసంతం మధ్యలో వచ్చింది. పొద్దున మినీ బస్సులో ఉక్కపోస్తోందని తాలాయ్ కిటికీ తీస్తే, వెనక సీటావిడ ఎదురుగాలి తగిలి మెడ పట్టేస్తుందని మూసింది. ఆవిడ దిగాక తీస్తే ఇంకొకావిడ మూసింది. పక్కన కూర్చున్న ముసలాయన తాలాయ్ వయసు అడిగాడు, పెళ్ళి అడిగాడు, కాలేదంటే లోపం ఎక్కడుందని అడిగాడు. బస్సంతా జవాబు కోసం నిశ్శబ్దంగా ఎదురుచూసింది. సాయంత్రం క్యూలో తోలుకోటు వేసుకున్న ఒకాయన వచ్చి అతని వెనక నిలబడ్డాడు. వెనక అంటే మరీ వెనక. ఆయన నమిలే పొద్దుతిరుగుడు గింజల పొట్టు తాలాయ్ మడమల మీద పడుతోంది. ఆయన ఫోన్‌లో ఎవరో పెళ్ళిలో నాట్యం చేస్తున్నారు. ఆ పెళ్ళి పాట సందంతా వినపడుతోంది.

పెరిజాత్ అప్పటికే వచ్చి, మాట చెప్పి, వెళ్ళింది. తోలుకోటాయన చివర ఎవరని అడిగినప్పుడు, నా వెనక ఒకమ్మాయి ఉందని తాలాయ్ చెప్పాలి. చెప్పలేదు. చెయ్యి మాత్రం ఎత్తాడు.

రొట్టెలు వచ్చాయి. ఆమె వచ్చింది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు తోలుకోటాయన పాట ఆపకుండానే. "ఇక్కడ నువ్వు లేవే."

"నేను ఈయన వెనక," అంది పెరిజాత్.

అందరూ తాలాయ్‌ని చూశారు. అతనికి కిటికీ గుర్తొచ్చింది, ముసలాయన గుర్తొచ్చాడు, ఇవన్నీ తను మోస్తుంటే జేబుల్లో చేతులు పెట్టుకుని చేపల్ని చూస్తున్న మనిషి గుర్తొచ్చింది.

"నేను గమనించలేదు," అన్నాడు. క్లినిక్‌లో వాడే గొంతుతో అన్నాడు.

ఆమె అతన్ని చూసింది. రోజూ వెళ్ళే కొట్టు మూసి ఉంటే, పొరపాటున వేరే కొట్టుకి రాలేదు కదా అని మనం బోర్డు మళ్ళీ చదువుతాం. ఆ చూపు అలా ఉంది. పోట్లాడలేదు. క్యూ చివరికి నడిచి, "చివర ఎవరండీ?" అని అడిగింది. మిగిలిన ఆఖరి రొట్టెలు తోలుకోటాయన తీసుకున్నాడు. మారుఫ్ ఆ రోజుకి ఇక లేవని చేతులు దులిపాడు. ఆమె ఉత్త చేతులతో వెళ్ళిపోయింది.

తాలాయ్ రొట్టెలు గుండెకి హత్తుకుని నిలబడ్డాడు. కాలుతున్నాయి. చేతులు మార్చుకోవాలని కూడా తోచలేదు.

మర్నాడు ఆమె వచ్చేసరికి చివర ఉన్నది అతనే. చెయ్యి ఎత్తి ఉంచాడు, ఈసారి భుజం కంటే పైకి. ఆమె ఆ చేతిని దాటి ముందుకి వెళ్ళి, సాలిమా అపా దగ్గర ఆగింది.

"అపా, ఈయన తర్వాత నేను. మీరు గుర్తుపెట్టుకోండి."

"పెట్టుకుంటాను, వెళ్ళు," అంది అపా. తాలాయ్ ఆ ఇద్దరి మధ్య కరెంటు స్తంభంలా నిలబడ్డాడు.

రోజులు గడిచేకొద్దీ క్యూ అంతా అదే నేర్చుకుంది. అతని వెనక వచ్చినవాళ్ళు అతన్ని అడిగేవారు కాదు. అతని ముందున్నవాళ్ళకి చెప్పుకునేవారు. ఇటువైపు మతిమరుపు మనిషి ఉన్నాడు, మీరే కాస్త చూసుకోండి అని ఒకావిడ అతని ఎదుటే, మెల్లగా కూడా కాకుండా అంది. మతిమరుపు అన్న మాట ఆవిడ మర్యాద కోసం వాడింది.

ఎవరూ అతన్ని ముట్టుకోలేదు. ఎవరూ వయసు అడగలేదు. మడమల మీద పొట్టు పడలేదు. కొన్నేళ్ళుగా మనుషుల దగ్గర అతను కోరుకున్నదల్లా అదే. అది అంత సంపూర్ణంగా దొరుకుతుందని అనుకోలేదు.

క్లినిక్‌లో చప్పుడు చొరబడని గాజు గది ఒకటి ఉండేది. అందులో మనిషిని కూర్చోబెట్టి, చెవులకి చిన్న చిన్న శబ్దాలు పంపుతారు. వినపడితే మీట నొక్కాలి. శబ్దం పంపనప్పుడు కూడా కొందరు నొక్కేవారు. తాలాయ్ వాటిని పొరపాట్లుగా లెక్కగట్టి తీసేసేవాడు. ఆ వారం ఒక ముసలమ్మ అలా ఉత్తి నిశ్శబ్దానికి మళ్ళీ మళ్ళీ మీట నొక్కుతుంటే, అతను గాజు అవతల నుంచి చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. వినపడాలని అంత ఆశ ఉంటే వినపడుతుంది. అతనికీ సాయంత్రాలు క్యూలో వెనక నుంచి చెప్పుల చప్పుడు వినపడుతోంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండటం లేదు.

దిద్దుకోవాలని ఒక ప్రయత్నం చేశాడు. ఒక సాయంత్రం పెరిజాత్ బాగా ఆలస్యంగా వచ్చింది. ఆమె వంతు వచ్చేదాకా రొట్టెలు మిగలవని చూస్తేనే తెలుస్తోంది. ఆమె నోరు తెరవకముందే తాలాయ్ క్యూ అంతటికీ వినపడేలా అన్నాడు.

"ఈవిడ నా ముందు. పొద్దుటి నుంచీ ఉన్నారు."

"పొద్దున ఈ కొట్టు తెరవనే తెరవరు," అంది సాలిమా అపా.

"నేను ఇప్పుడే వచ్చాను," అంది పెరిజాత్ అందరికీ. తర్వాత అతని వైపు తిరిగింది. "ఆ రోజు ఉన్నదాన్ని లేనన్నారు. ఇవాళ లేనిదాన్ని ఉన్నానంటున్నారు. మీరు ఇంక నా గురించి ఏమీ చెప్పకండి, బైకే."

బైకే అంటే అన్నయ్య. ఆ ఊళ్ళో ముక్కూ మొహం తెలియనివాళ్ళని కూడా అలాగే పిలుస్తారు, అందులో వింతేమీ లేదు. కానీ ఆ రోజు దాకా ఆమె అతన్ని అలా పిలవలేదు. క్యూలో ఇద్దరు ఆడవాళ్ళు అతని కోసం జాలిగా నిట్టూర్చారు.

తర్వాత వాన వచ్చిన రోజు.

అతను వచ్చేసరికి మబ్బు కమ్ముకుని ఉంది. చివర ఎవరని అడిగితే, చెప్పక తప్పదన్నట్టు సాలిమా అపా చెప్పింది. తన వెనక పెరిజాత్, ఆమె చేపల దగ్గర ఉంది, ఆమె తర్వాత నువ్వు. అతని తర్వాత ఇంకా కొందరు వచ్చారు, వాళ్ళలో తోలుకోటాయన కూడా ఉన్నాడు. అంతలో చినుకు మొదలై, మరో మాటకి తావు లేకుండా కుండపోత అయింది. క్యూ మొత్తం చెదిరిపోయింది. కొందరు మారుఫ్ కొట్టు చూరు కిందకి, కొందరు టీ కొట్టు పరదా కిందకి, ఇంకొందరు గేటు తోరణం కిందకి పరిగెత్తారు. ఎవరికీ బెంగ లేదు. నేను ఈయన వెనక, ఈయన ఆవిడ వెనక అని చూర్ల కింద నుంచే ఒకరినొకరు అప్పజెప్పుకున్నారు. క్యూ ఎక్కడా తెగలేదు. నేల మీంచి లేచి నోళ్ళలోకి వెళ్ళింది, అంతే.

రోడ్డు మీద మిగిలింది తాలాయ్ ఒక్కడే. తనని అప్పజెప్పడానికి మనిషి లేడు కాబట్టి అక్కడే నిలబడ్డాడు. వాన అతని ముక్కు చివర నుంచి ఒక ధారగా కారుతోంది. చూర్ల కింద జనం గింజలు నములుతూ అతన్ని చూస్తున్నారు.

చేపల కొట్టు వైపు నుంచి ఒక గొడుగు రోడ్డు దాటి వచ్చింది. అతని దాకా వచ్చి, అతని మీదికి మాత్రం రాకుండా ఆగింది.

"ఎందుకు తడుస్తున్నారు?" అంది పెరిజాత్.

"క్యూలో ఉన్నాను."

"అందరూ ఉన్నారు. ఎవరూ తడవడం లేదు."

"వాళ్ళకి చెప్పేవాళ్ళున్నారు."

ఆమె చూర్ల వైపు చూసింది. కాదని ఎవరూ అనలేదు.

"ఆ రోజు నేను గమనించాను," అన్నాడు తాలాయ్. వానలో కొంచెం గట్టిగా చెప్పవలసి వచ్చింది. సందంతా వింటోందని తెలిసినా, మధ్యలో ఆపితే మళ్ళీ మొదలుపెట్టగలనన్న నమ్మకం లేక చెప్పుకుపోయాడు. "మీరు రావడం గమనించాను. మీ కోటుకి పైనుంచి రెండో బొత్తాం లేదు. మీరు వెళ్ళేటప్పుడు ముందు ఎడమ వైపు చూసి రోడ్డు దాటుతారు, అటు నుంచి బళ్ళే రావు. గుర్తుంటుంది కదా అని మీరు అనేవారు. సాయంత్రమంతా నేను ఇంకేమీ చెయ్యలేదు, గుర్తుపెట్టుకున్నానంతే. అదే నాకు చిరాకు వేసింది."

"గుర్తుపెట్టుకోవడమా?"

"అది నాకు బాగుండటం."

పెరిజాత్ గొడుగుని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"నేను సెలూన్‌లో పనిచేస్తాను," అంది. "పొద్దుటి నుంచీ నిలబడి జుట్టు కత్తిరిస్తాను. కుర్చీలో కూర్చున్నవాళ్ళు తల దువ్వడం మొదలుపెట్టగానే వాళ్ళ గోడు మొదలుపెడతారు. అత్తగారు, మొగుడు, మోకాళ్ళు. చేపలు కూడా నోరు తెరుస్తూనే ఉంటాయి. ఏమీ చెప్పవు. అందుకని వెళ్తాను. సరదాకి కాదు."

"మేనత్త ఉందనుకున్నాను," అన్నాడు తాలాయ్.

"ఎవరికి?"

"మీకు. మంచం మీద."

ఆమె పెదవి ఒక పక్కకి కదిలింది. వెంటనే సర్దుకుంది. "మీరు ఎప్పుడైనా మీ చోటు వదిలి వెళ్ళారా?"

"లేదు."

"ఒక్కసారి కూడా?"

"లేదు."

"అయితే వెళ్ళండి. చేపల్ని చూసి రండి. నేను ఉంటాను." అతను కదలబోతే ఆపింది. "అలా ఊరికే వెళ్ళకూడదు. చెప్పి వెళ్ళాలి."

తాలాయ్ గొంతు సవరించుకున్నాడు. కొన్ని వందల మంది నోట విన్న మాటలే. తన నోట పలకబోతే కొత్త భాషలా ఉన్నాయి.

"మీ తర్వాత నేనే. గుర్తుంటుంది కదా? ఇప్పుడే వస్తాను."

"చూద్దాం," అంది పెరిజాత్.

రోడ్డు దాటడానికి చాలాసేపు పట్టినట్టు అనిపించింది. వెనక్కి చూడాలని మెడ లాగుతోంది. ఆమె, "నేను గమనించలేదు," అనవచ్చు. ఆ మాట అనే హక్కు ఆ సందు మొత్తంలో ఆమెకే ఉంది. అంటే ఏం చెయ్యాలో కొట్టు చేరేలోగా నిశ్చయించుకున్నాడు. మాట్లాడకుండా క్యూ చివరికి వెళ్ళాలి. ఆమె వెళ్ళినట్టే.

తొట్టెలో పసుపు చేపలు, నల్ల చారల చేపలు, అడుగున గులకరాళ్ళ మధ్య ఒక లావుపాటి బూడిద రంగు చేప ఉన్నాయి. పైనున్నవి ఒకదాన్నొకటి రాసుకుంటూ, తోకలతో మొహం మీద కొట్టుకుంటూ తిరుగుతున్నాయి. దేనికీ చిరాకు ఉన్నట్టు లేదు. బూడిద చేప గాజు దగ్గరికి వచ్చి అతని ఎదుట నోరు తెరిచింది, మూసింది. ఏదో అంటుందని అతను అలవాటుగా తల వంచాడు. అది మళ్ళీ తెరిచింది. అతనికి భుజాలు దిగినట్టు అనిపించింది. అవి అప్పటిదాకా అంత ఎత్తులో ఉన్నాయని అప్పుడే తెలిసింది.

ఎంతసేపు చూశాడో తెలియదు. వాన తగ్గిన సంగతి కూడా గాజులో ఎండ మెరిసేదాకా తెలియలేదు. ఉలిక్కిపడి తిరిగి పరిగెత్తాడు.

క్యూ మళ్ళీ నేల మీదికి దిగి ఉంది. కట్టెలు తడిసి తందూరు ఇంకా కాలలేదు, రొట్టెలు రాలేదు. సాలిమా అపా, ఆవిడ వెనక ముడిచిన గొడుగుతో పెరిజాత్, ఆమె వెనక ఖాళీ లేకుండా తోలుకోటాయన. ఆయన ఫోన్‌లో ఇంకో పెళ్ళి నడుస్తోంది.

"ఎక్కడికి, బైకే?" అన్నాడు ఆయన. "చివర అటు ఉంది."

"నేను ఈవిడ వెనక," అన్నాడు తాలాయ్. నీళ్ళు కారుతున్న బట్టలతో, సాధ్యమైనంత మామూలుగా.

తోలుకోటాయన పెరిజాత్‌ని అడిగాడు. "ఈయన ఉన్నాడా ఇక్కడ?"

క్యూ అంతా తిరిగింది. మారుఫ్ పిండి చేతులతో తలుపు దాకా వచ్చాడు. సాలిమా అపా ఎవరి వైపూ చూడకుండా ఆకాశం చూసింది. పెరిజాత్ తాలాయ్‌ని పైనుంచి కిందికి, మళ్ళీ కిందినుంచి పైకి చూసింది. అతను మెల్లగా చివరి వైపు ఒక అడుగు వేశాడు.

"ఆగండి," అంది. తర్వాత తోలుకోటాయనతో, అంత తొందరేమీ లేకుండా చెప్పింది. "ఉన్నాడు. నా వెనకే. నేను గమనించాను."

తోలుకోటాయన జరిగాడు. తాలాయ్ వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. చాలాకాలం తర్వాత అతని ముందు సాలిమా అపా మెడ కాకుండా వేరే మెడ ఉంది. తడి జుట్టు ఒక పాయ దానికి అంటుకుని ఉంది. రోజూ ఒకలాగే ఉంటుందని దీని గురించి అనలేడనిపించింది.

"చేపలు ఎలా ఉన్నాయి?" అంది ఆమె వెనక్కి తిరగకుండా.

"బూడిద రంగుది నోరు తెరిచింది."

"ఏమంది?"

"ఏమీ అనలేదు." చెప్పవలసింది ఇంకా ఉంది. "ఒక్కణ్ణే చూస్తే అంత బాగోలేదు."

ఆమె ఈసారి తిరిగింది. "ఇద్దరం వెళ్తే ఇక్కడ ఎవరుంటారు?"

"అదే ఆలోచిస్తున్నాను. ఇవాళే కాదు. రేపూ, ఎల్లుండీ కూడా అదే ఇబ్బంది వస్తుంది."

"ఎల్లుండి దాకా ఆలోచించారా?"

"ఇంకా ముందుకి కూడా ఆలోచించాను. అక్కడంతా కూడా మీ తర్వాతే ఉన్నాను."

పెరిజాత్ గొడుగు కొసతో నేల మీద నీళ్ళని కాసేపు అటూ ఇటూ తోసింది. "ఒక షరతు," అంది. "ఆ బైకే అన్నది నేను వెనక్కి తీసుకుంటాను. మీరు ఆ మేనత్తని వెనక్కి తీసుకోండి."

"ఆవిడ ఎప్పుడో పోయింది," అన్నాడు తాలాయ్.

సాలిమా అపా ఆకాశం చూడటం చాలించింది. "రొట్టెలకి ఇంకా చాలాసేపు పడుతుంది," అని ఎవరికో చెబుతున్నట్టు అంది. "ఇక్కడ నిలబడి నా వీపు మీద కబుర్లు చెప్పుకోకండి, నాకు చిరాకు. వెళ్ళండి ఇద్దరూ. నేనున్నానుగా."

వాళ్ళు వెళ్ళారు. రోడ్డు అంచున పెరిజాత్ బళ్ళు రాని వైపు చూసింది. తాలాయ్ వచ్చే వైపు చూశాడు. ఒకసారి కూడా వెనక్కి తిరగలేదు.

అంతలో ఒక కొత్తావిడ సంచీ ఊపుకుంటూ వచ్చి చివర ఎవరని అడిగింది. చివర ఉన్నావిడ చెయ్యెత్తేలోగా తోలుకోటాయన కల్పించుకుని, తన ముందు ఇద్దరు ఉండాలని, కానీ లేరని, వాళ్ళెవరి వెనకో తనకి అయోమయంగా ఉందని ఫిర్యాదు చేశాడు.

"అయోమయం ఏముంది?" అంది సాలిమా అపా. "ఆ అమ్మాయి నా వెనక. అబ్బాయి ఆ అమ్మాయి వెనక. నాకు గుర్తుంది. ముందు నువ్వు ఆ పాట ఆపు."

తోలుకోటాయన పాట ఆపాడు.